‘అమ్మ’ తప్పిపోయిన పేరు: సర్వీసు రిజిస్టరు నుండి డైరెక్టరీ సర్వరు దాకా



ఈ ప్రత్యేక సంచికకు మన ప్రాంత చరిత్ర మీద ఏదైనా వ్యాసం వ్రాయమని సంపాదకులు నన్ను కోరారు. నాగలాపురం వేదనారాయణ స్వామి గురించో, సురుటుపల్లిలో శయనించి ఉన్న శివుని గురించో వ్రాస్తానని వారు అనుకుని ఉంటారు. ఆ పని నాకంటే బాగా చేయగల పెద్దలు మనలో చాలామంది ఉన్నారు. నేను ముప్పై అయిదేళ్ళు ఎస్టాబ్లిష్‌మెంటు సెక్షనులో కూర్చుని పేర్లు వ్రాసినవాడిని. అందువలన నాకు తెలిసిన చరిత్ర ఒక్కటే, జాబితాల చరిత్ర. మనిషి పేరు ఒక రిజిస్టరులోకి ఎలా ఎక్కుతుంది, ఎక్కిన పేరును ఎవరు కాపాడతారు, తప్పుగా ఎక్కితే ఏమవుతుంది అన్నదే ఈ వ్యాసం. ఇందులో నా తప్పు ఒకటి ఉన్నది. దానిని దాచకుండా చెప్పడానికే ఇది వ్రాస్తున్నాను.

ఇల్లు కదలలేదు, జిల్లా కదిలింది

నేను 1952లో సత్యవేడుకు ఆమడ దూరంలోని ఒక పల్లెలో పుట్టాను. అప్పటికి అది మద్రాసు రాష్ట్రం, చెంగల్పట్టు జిల్లా. 1953లో ఆంధ్ర రాష్ట్రం, 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడినా మా ఊరు మద్రాసులోనే ఉండిపోయింది. సరిహద్దు తగాదాను తీర్చడానికి పటాస్కర్ గారు మధ్యవర్తిగా వచ్చారు. ఆయన సూచనల మీద 1959లో పార్లమెంటు చట్టం చేసింది. 1960 ఏప్రిల్ 1 నుండి తిరుత్తణి అటు పోయింది, సత్యవేడు ప్రాంతపు గ్రామాలు ఇటు వచ్చి చిత్తూరు జిల్లాలో కలిశాయి. నాకప్పుడు ఎనిమిదేళ్ళు. పలకా బలపంతో రాత్రి పడుకున్నవాడిని ఒక రాష్ట్రంలో, తెల్లవారి లేచింది ఇంకొక రాష్ట్రంలో.

తరువాత 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. 2008లో సత్యవేడు, వరదయ్యపాళెం మండలాల పొలాల మధ్య శ్రీ సిటీ పారిశ్రామిక నగరం వెలిసింది. మద్రాసు–కలకత్తా రహదారి మీద తడకు దగ్గర, తమిళనాడు సరిహద్దును ఆనుకుని ఉండడం దానికి కలిసివచ్చింది. 2013లో అక్కడ ట్రిపుల్ ఐటీ కూడా పెట్టారు. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు మేము తిరుపతి జిల్లా వాళ్ళమయ్యాము.

లెక్క చూడండి. మా ఇల్లు అంగుళం కదలలేదు. ఇంటి వెనుక బావి కదలలేదు. కానీ నా పుట్టుక కాగితంలో చెంగల్పట్టు, ఉద్యోగ కాగితంలో చిత్తూరు, ఇప్పటి చిరునామాలో తిరుపతి. మూడు కాగితాలూ నిజమే చెబుతున్నాయి. మూడూ పక్కపక్కన పెట్టి చూసే కొత్త గుమాస్తాకు మాత్రం ముగ్గురు మనుషులు కనబడతారు.

నేను చేసిన తప్పు

మన సర్వీసు రిజిస్టరు సంగతి మీకు చెప్పనవసరం లేదు. ఎస్.ఆర్. అంటే ఉద్యోగి జాతకం. పుట్టిన తేదీ, చేరిన తేదీ, ఇంక్రిమెంట్లు, సెలవులు, నామినేషను, కుటుంబ వివరాలు అన్నీ అందులోనే. దిద్దుబాటు చేయవలసి వస్తే పాత మాట కనబడేటట్లు ఒక్క గీత కొట్టి, పైన సరైన మాట వ్రాసి, అధికారి చేత తేదీతో సంతకం పెట్టించాలని మనకు నేర్పారు. గోకడం, చెరపడం, దాని మీదే దిద్ది వ్రాయడం కూడదు.

నాతోపాటు చేరిన మిత్రుడొకరు ఉండేవారు. ఒకే బెంచీ మీద ఇద్దరం మధ్యాహ్నం క్యారియరు విప్పుకునేవాళ్ళం. ఆయన కుటుంబ వివరాలు ఎస్.ఆర్.లో ఎక్కించింది నేనే. ఆయన భార్య పేరు చివర ‘అమ్మ’ ఉన్నది. ఫారములో గడి ఇరుకు. ఆ రోజు పెన్షన్ ప్రతిపాదనల హడావుడి. పేరు మొదటి భాగం వ్రాసి, ‘అమ్మ’కు చోటు చాలక వదిలేశాను. ‘తెలిసిన మనిషేగదా’ అనుకున్నాను. ఆయనా చూసి నవ్వి సంతకం పెట్టాడు. ఆ పేరే అక్కడి నుండి పింఛను కాగితాలలోకి, అక్కడి నుండి కంప్యూటరులోకి పోయింది.

మిత్రుడు కొత్త జిల్లా వచ్చిన సంవత్సరమే పోయాడు. ఆయన భార్య కుటుంబ పింఛనుకు దరఖాస్తు పెట్టుకుంది. ఆధార్‌లో ఆమె పేరు ‘అమ్మ’తో ఉన్నది, పింఛను కాగితంలో లేదు. పింఛను కాగితంలో చిత్తూరు జిల్లా, కొత్త కాగితంలో తిరుపతి జిల్లా. ‘వీరిద్దరూ ఒకరే అని ఋజువు తెండి’ అన్నారు. అన్నది ఏ కార్యాలయమో ఇక్కడ అనవసరం. వాళ్ళ ముందున్న కాగితం ప్రకారం వాళ్ళు అడిగినది తప్పు కూడా కాదు. అఫిడవిట్టు, గ్రామ విచారణ, తహశీల్దారు ధ్రువపత్రం అన్నీ అయ్యేసరికి తొమ్మిది నెలలు పట్టింది. బకాయి మొత్తం వచ్చింది, నిజమే. కానీ ఆ తొమ్మిది నెలలలో ఆమె చెవి కమ్మలు కుదవకు పోయాయి. నేను వెళ్ళి, ‘అమ్మా, ఆ పేరు వ్రాసింది నేనే’ అని చెప్పినప్పుడు ఆమె ఒక్క మాట అన్నది: ‘నాకు తెలుసు నాయనా. ఆయన అప్పుడే చెప్పినాడు.’ అంతకు మించి ఏమీ అనలేదు. అదే నన్ను ఎక్కువగా బాధించింది.

మనవరాలి డైరెక్టరీ

మా మనవరాలు ఇంజనీరింగు చదివి, శ్రీ సిటీలో ఒక కర్మాగారంలో కంప్యూటర్ల విభాగంలో పనిచేస్తున్నది. ఆదివారం ఇంటికి వచ్చినప్పుడు ఈ సంగతి చెప్పి వాపోయాను. అది విని, ‘తాతా, నేను దినామూ చేసే పనీ అదే. మా దగ్గర కూడా ఒక ఎస్.ఆర్. ఉండాది. దాన్ని డైరెక్టరీ సర్వరు అంటాము’ అన్నది.

డైరెక్టరీ అనగానే నాకు మన పాత టెలిఫోను డైరెక్టరీ, అందులో దొరకని నెంబరు కోసం తిప్పిన 197 గుర్తుకు వచ్చాయి. ‘దానికీ దీనికీ చుట్టరికం ఉందా?’ అని అడిగాను. ఉన్నదని తెలిసింది. చుట్టరికం అంటే దూరపుది కాదు, కన్నబిడ్డే.

ప్రపంచంలో మొదటి టెలిఫోను డైరెక్టరీ 1878 ఫిబ్రవరిలో అమెరికాలో న్యూ హేవెన్ పట్టణంలో అచ్చయింది. ఒక్క అట్టముక్క, దాని మీద 50 పేర్లు. నెంబర్లు కూడా లేవు. పేరు చెబితే ఆపరేటరు కలిపేవారు. మన దేశంలో 1882 జనవరిలో కలకత్తా, మద్రాసు, బొంబాయి నగరాలలో ఎక్స్‌ఛేంజీలు వచ్చాయి. నూరేళ్ళు గడిచేసరికి ఆ అట్టముక్క దిండంత పుస్తకమైంది. అచ్చయి బయటకు వచ్చేసరికే సగం పాతబడిపోయేది. ఇల్లు మారినవారు, కనెక్షను వదులుకున్నవారు, కాలం చేసినవారు అందరూ పుస్తకంలో అలాగే ఉండేవారు.

1980లలో కంప్యూటర్ల ద్వారా ఉత్తరాలు పంపుకోవడం మొదలయ్యాక, ప్రపంచానికంతటికీ కలిపి ఒక డైరెక్టరీ ఉండాలనే ఆలోచన వచ్చింది. ఆ ఆలోచన చేసినది ముఖ్యంగా టెలిఫోను వాళ్ళే. దేశదేశాల టెలిఫోను, తంతి శాఖలకు ప్రమాణాలు నిర్ణయించే సి.సి.ఐ.టి.టి. అనే సంఘం, అంతర్జాతీయ ప్రమాణాల సంస్థతో కలిసి, 1988లో ఎక్స్.500 అనే పేరుతో నిబంధనావళి ఖరారు చేసింది. దాని పద్ధతి చెట్టు పద్ధతి. పైన దేశం, దాని క్రింద సంస్థ, దాని క్రింద విభాగం, చివరి కొమ్మన మనిషి. ఆ మనిషి పూర్తి పేరు వ్రాయాలంటే పోస్టు కవరు మీద చిరునామా వ్రాసినట్లే. ముందు పేరు, తరువాత విభాగం, సంస్థ, దేశం. మన తపాలా గుమాస్తా ఎవరైనా చూస్తే పది నిముషాలలో అర్థం చేసుకుంటాడు.

అయితే ఆ నిబంధనావళి చాలా బరువైనది. దానిని నడపగల బలం అప్పటి చిన్న కంప్యూటర్లకు లేదు. అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయంలో టిమ్ హోవ్స్, ఆయనతోపాటు వెంగ్యిక్ యోంగ్, స్టీవ్ కిల్ అనువారు 1993లో ఒక తేలిక దారి వేశారు. దానికి ఎల్‌డాప్ అని పేరు. డైరెక్టరీని అడగడానికి తేలికైన మర్యాద అని మనం చెప్పుకోవచ్చు. మొదట అది పెద్ద డైరెక్టరీ గుమ్మం ముందు కూర్చున్న బంట్రోతు వంటిది. చిన్న కంప్యూటరు అడిగినది లోపలికి చేరవేసి, జవాబు తెచ్చి ఇచ్చేది. వచ్చేవాళ్ళంతా బంట్రోతునే అడుగుతున్నప్పుడు లోపల అంత పెద్ద కచేరీ ఎందుకని వాళ్ళకే తోచింది. 1995లో బంట్రోతునే గుమాస్తాను చేసి, సొంత రిజిస్టరు ఇచ్చారు. దాని పేరు స్లాప్‌డి.

1997లో ఎల్‌డాప్ మూడవ రూపం వచ్చింది. చెట్టులో ఒక కొమ్మను ఒకచోట నుండి తీసి మరొకచోట అంటించడానికి అందులో వీలు కల్పించారు. సత్యవేడును చెంగల్పట్టు నుండి చిత్తూరుకు మార్చడమన్నమాట. మనకు 1960లో పార్లమెంటు చట్టంతో జరిగిన పని అక్కడ ఒక్క ఆజ్ఞతో జరుగుతుంది.

1998 ఆగస్టులో కర్ట్ జైలెంగా అనే ఆయన మిషిగన్ వాళ్ళ ప్రోగ్రామును తీసుకుని ఓపెన్ ఎల్‌డాప్ అనే ఉమ్మడి ప్రయత్నం ప్రారంభించారు. ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు, లోపల ఏమి వ్రాశారో చదువుకోవచ్చు, బాగు చేసి తిరిగి ఇవ్వవచ్చు. హోవార్డ్ చూ, ఇటలీలోని మిలాను నుండి పియరాంజెలో మసరాటి వంటివారు అందులో ముఖ్యులైనారు. మా మనవరాలి కర్మాగారంలో నడిచేది కూడా ఈ ఓపెన్ ఎల్‌డాప్ సర్వరే. ఉదయం ఏ ఉద్యోగి అయినా కంప్యూటరు ముందు కూర్చుని తన పేరు, రహస్య పదం కొట్టగానే, ఆయన ఎవరు, ఏ విభాగం, ఏ గది వరకు అనుమతి అన్నది ఆ డైరెక్టరీయే చెబుతుంది.

ఒకదానిపై ఒకటిగా పొరలు

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఇది చెప్పేటప్పుడే మా మనవరాలు కాగితం మీద బొమ్మ గీసింది. ఆ బొమ్మ చూడగానే నాకు మన ఆఫీసు కనబడింది.

మన ఆఫీసులో ఒక కాగితం ఎలా నడిచేది? ఇన్‌వార్డు గుమాస్తా నెంబరు వేస్తాడు. సెక్షను గుమాస్తా నోటు వ్రాస్తాడు. సూపరింటెండెంటు నిబంధన చూస్తాడు. ఆ పైన అధికారి సంతకం. అంతా అయిన తరువాతే ఎస్.ఆర్.లో ఎక్కుతుంది. ఎస్.ఆర్. పుస్తకం బీరువాలో ఉంటుంది. దానికి తెలివి లేదు, వ్రాసినది దాచుకుంటుంది. తెలివి అంతా కాగితం నడిచే దారిలోని బల్లల దగ్గర ఉన్నది. కాగితం పోయేటప్పుడే కాదు, జవాబు తిరిగి వచ్చేటప్పుడు కూడా ఆ బల్లల మీదుగానే వస్తుంది.

సర్వరు పద్ధతీ అంతే. క్రింద బీరువా వంటిది ఒకటి ఉన్నది, వివరాలు దాచే భాగం. మొదట్లో కొత్త కట్టడి ఏది కావాలన్నా ఆ బీరువా చట్రంలోనే చేయి పెట్టి మార్చవలసి వచ్చేది. 1990ల చివర నెట్‌స్కేప్ కంపెనీవారి డైరెక్టరీలో బయటి నుండి చిన్న యంత్రాలు తగిలించే సౌకర్యం వచ్చింది. ఓపెన్ ఎల్‌డాప్ వారు 2003 చివర విడుదల చేసిన 2.2 కూర్పులో ‘ఓవర్‌లే’ అనే పొరల పద్ధతి ప్రవేశపెట్టారు. అడిగే గుమ్మానికీ, దాచే బీరువాకూ మధ్య ఎన్ని పొరలు కావాలంటే అన్ని ఒకదానిపై ఒకటి పేర్చుకోవచ్చు. ఒక్కొక్క పొర ఒక్కొక్క గుమాస్తా. తనకు సంబంధించినది అయితే చూస్తుంది, ఆపుతుంది, మారుస్తుంది. కాకపోతే క్రిందికి పంపిస్తుంది. బీరువాను ముట్టుకోనక్కరలేదు.

కొన్ని పొరల పేర్లు, వాటి పనులు చెబుతాను. మన పాత బల్లలతో పోల్చుకుంటే తేలికగా తెలుస్తుంది.

‘యూనీక్’ అనేది ఒకే ఉద్యోగి నెంబరు ఇద్దరికి పడకుండా చూస్తుంది. సీనియారిటీ జాబితాలో ఒకే నెంబరు ఇద్దరికి పడి మనం ఎన్ని పూటలు తలలు పట్టుకున్నామో గుర్తు చేసుకోండి.

‘కన్‌స్ట్రెయింట్’ అనేది గడిలో వ్రాసిన విలువ చెప్పిన పద్ధతిలో ఉన్నదా అని చూస్తుంది. ఆరు అంకెల పిన్‌కోడు ఉండవలసిన చోట అయిదు అంకెలు వ్రాస్తే వెనక్కి పంపుతుంది.

‘పి-పాలసీ’ రహస్య పదాల కాపలాదారు. చెప్పినన్ని సార్లకు మించి తప్పు పదం కొడితే ఆ ఖాతాకు తాళం వేస్తుంది.

‘రెఫింట్’ అన్నది నాకు అన్నిటికంటే నచ్చినది. ఒక మనిషి వివరం ఒక విభాగం నుండి ఇంకొక విభాగానికి మారినా, పేరు మారినా, ఆ మనిషిని ప్రస్తావించిన మిగతా జాబితాలన్నిటిలోనూ వెళ్ళి సరిచేసి వస్తుంది. మనిషి వివరం తొలగిస్తే, ఆ ప్రస్తావనలూ తొలగిస్తుంది. మన దగ్గర ఈ పొర ఉండి ఉంటే, జిల్లా మారిన నాడే పింఛను కాగితంలోనూ మారి ఉండేదిగదా అనుకున్నాను.

‘యాక్సెస్‌లాగ్’ అనేది ఎవరు, ఎప్పుడు, ఏమి మార్చారో వ్రాసిపెడుతుంది. కావాలని ఏర్పాటు చేస్తే మార్పుకు ముందు ఏమున్నదో కూడా దాస్తుంది. ఒక్క గీత కొట్టి, పైన వ్రాసి, తేదీతో సంతకం పెట్టమని మన పెద్దలు చెప్పినది ఇదే.

‘సింక్‌ప్రోవ్’ అనేది ఇంకొకచోట ఉన్న నకలు సర్వరుకు ఇక్కడి మార్పులను అందజేస్తుంది. డూప్లికేట్ ఎస్.ఆర్. అని మనం అనుకునేవాళ్ళం. మన డూప్లికేటు ఏళ్ళ తరబడి అసలుతో పొత్తు లేకుండా ఉండేది.

ఈ పొరలలో వరుస ముఖ్యం. చివర పేర్చిన పొర మొదట చూస్తుంది. ఫైళ్ళ కట్టలో చివర పెట్టిన ఫైలు పైన ఉన్నట్లు. ఏది ముందు, ఏది వెనుక అని ఆలోచించకుండా పేరిస్తే, ఒక పొర చేసిన మార్పు ఇంకొక పొర కంట పడకుండా పోవచ్చు. అధికారి సంతకం అయిన తరువాత గుమాస్తా నోటు వ్రాస్తే ఎలా ఉంటుందో అలా ఉంటుంది.

ఇంకొక మలుపు 2005లో వచ్చింది. అప్పటిదాకా ఏ పొర పెట్టాలి, ఏ నిబంధన ఉండాలి అన్నది ఒక విడి కాగితంలో వ్రాసి, సర్వరును ఆపి, తిరిగి లేపవలసి వచ్చేది. ఆపిన కొద్దిసేపు ఎవరూ లోపలికి రాలేరు. 2.3 కూర్పులో ఆ నిబంధనలను కూడా డైరెక్టరీలోనే ఒక కొమ్మగా పెట్టారు. అంటే మనుషుల పేర్లను ఎలా అడుగుతామో, ఎలా మారుస్తామో, నిబంధనలనూ అలాగే అడగవచ్చు, మార్చవచ్చు. పొరలకు సున్న, ఒకటి, రెండు అని వరుస సంఖ్యలు కూడా అక్కడే ఉంటాయి. పని ఆగదు. కచేరీ మూయకుండానే కొత్త బల్ల వేసుకున్నట్లు.

సరిహద్దు ఊరిలో ఇంటిపేరు

‘ఇన్ని కాపలాలున్నాక ఇంక నీకు కష్టమేముంది పాపా?’ అని అడిగాను.

‘కష్టమంతా ఇంటిపేరుతోనే తాతా’ అన్నది.

1988 నాటి నిబంధనావళి ప్రకారం, మనిషి అని ఒక వివరం ఎక్కించాలంటే రెండు గడులు ఖాళీగా వదలకూడదు. ఒకటి పేరు, రెండవది ఇంటిపేరు. ఆ నియమం ఎల్‌డాప్‌లోకి కూడా వచ్చింది. వ్రాసినవారి దేశాలలో అందరికీ ఇంటిపేరు ఉంటుంది, అది చివర ఉంటుంది. శ్రీ సిటీలో పనిచేసేవాళ్ళు సరిహద్దుకు ఇటువాళ్ళూ అటువాళ్ళూ. మన తెలుగువాళ్ళకు ఇంటిపేరు ముందు ఉంటుంది. అటు తమిళుల పేరు ముందున్న అక్షరం చాలామందికి తండ్రి పేరులోనిది, ఇంటిపేరు కానేకాదు. మా పల్లెల్లో అయితే ఒకే ఇంట్లో అన్నకు బడిలో తమిళ అయ్యవారు తండ్రి పేరు అక్షరం వేశారు, తమ్ముడికి 1960 తరువాత తెలుగు అయ్యవారు ఇంటిపేరు వేశారు. కాగితాల మీద వాళ్ళు అన్నదమ్ములే కారు.

ఖాళీ వదలకూడదన్నందుకు ఎవరో ఒకరు ఆ గడిలో ఏదో ఒకటి వ్రాస్తారు. ఒకరు చుక్క పెడతారు, ఒకరు తండ్రి పేరు వ్రాస్తారు, ఒకరు అసలు పేరునే రెండుసార్లు వ్రాస్తారు. పొరలన్నీ చూసి ‘బాగుంది’ అంటాయి. గడి నిండింది కదా! ఇది విన్నప్పుడు నా ఇరుకు గడి నాకు గుర్తుకు వచ్చింది. నాకు గడి చాలలేదు, వాళ్ళకు గడి ఎక్కువైంది. రెండు చోట్లా మనిషి పేరు ఫారానికి తగ్గట్టు నరకబడింది.

పొర చూడలేనిది

ఆ రోజు చివరికి నేను అడగవలసిన ప్రశ్న అడిగాను. ‘నేను వ్రాసిన ఆ పేరు మీ సర్వరులో ఉండి ఉంటే, నీ పొరలలో ఏది పట్టుకునేది?’

అమ్మాయి కొంచెంసేపు ఆలోచించింది. ‘ఏదీ పట్టుకోదు తాతా’ అన్నది.

ఎందుకో కూడా చెప్పింది. యూనీక్ పొర అడ్డుకోదు, ఎందుకంటే ఆ పేరు వేరొకరితో తగాదా పడడం లేదు. కన్‌స్ట్రెయింట్ అడ్డుకోదు, ‘అమ్మ’ లేకపోయినా అది మంచి పేరే. రెఫింట్ మారిన పేరును అంతటా మారుస్తుంది గాని, మొదటే తప్పుగా ఎక్కినదానిని తప్పు అని ఎలా కనిపెడుతుంది? పైగా ఈ పొరలు పేర్చిన తరువాత జరిగే మార్పులనే చూస్తాయి. అంతకు ముందే బీరువాలో ఉన్న పాత తప్పును వెనక్కి వెళ్ళి వెదకవు. రెండు ఒకే నెంబర్లు ముందే లోపల ఉంటే, యూనీక్ పెట్టినా అవి అలాగే ఉంటాయి. ఎవరో ఒకరు కూర్చుని, జాబితా తీసి, ఒక్కొక్కటి సరిచూడవలసిందే.

‘యాక్సెస్‌లాగ్ ఒక్కటి చెప్తాది తాతా, ఎవరు రాసినారో’ అని చిన్నగా నవ్వింది. నేనూ నవ్వాను. నా విషయంలో ఆ పొర అవసరం లేకపోయింది. ఆ ఇరుకు గడి ప్రక్కన నా పొట్టి సంతకం ఇప్పటికీ ఉన్నది.

1878 నాటి అట్టముక్క నుండి నేటి సర్వరు దాకా నాకు అర్థమైనది ఇంతే. జాబితా వేగం పెరిగింది, కాపలా పెరిగింది, నకళ్ళు పెరిగాయి. తప్పు వేగం కూడా పెరిగింది. పూర్వం ఒక ఎస్.ఆర్.లోని తప్పు ఆ బీరువాలోనే ఉండేది. ఇప్పుడు మొదట వ్రాసినవాడు ఒక్క అక్షరం వదిలితే, అది గంటలో పది కార్యాలయాలకు చేరుతుంది. ప్రతిచోటా అదే కనబడేసరికి, అదే నిజమని అందరూ నమ్ముతారు. కాబట్టి మొదటి పొర ఎప్పుడూ మనిషే. కలం పట్టినవాడు, లేక మీట నొక్కినవాడు, ఎదుటి మనిషిని ‘నీ పేరు ఇదేనా, చదివి చూడు’ అని ఒక్కసారి అడగాలి. అది ఏ కూర్పులోనూ రాదు.

సభ్యులకు ఒక మనవి

మనలో చాలామందికి డెబ్బై దాటింది. 2014 నవంబరులో జీవన్ ప్రమాణ్ వచ్చినప్పటి నుండి మనం బ్రతికి ఉన్నామని వేలిముద్రతో చెప్పుకునే సౌకర్యం కలిగింది. మంచిదే. కానీ అది మన ఉనికిని చెబుతుంది, మన తరువాత మిగిలేవారి పేరును సరిచేయదు. అందువలన ఈ సంచిక చేతిలో ఉండగానే ఒక పని చేయండి. పింఛను మంజూరు కాగితం, బ్యాంకు పుస్తకం, ఆధార్, పాన్ కార్డు, ఇంట్లోవాళ్ళ ఆధార్ ఒకచోట పరచండి. భార్య లేక భర్త పేరు అన్నిటిలో అక్షరం అక్షరం ఒకటిగా ఉన్నదో లేదో చదవండి. ఇంటిపేరు ముందున్నదా వెనుకున్నదా, పుట్టిన తేదీ కలుస్తున్నదా చూడండి. చదువుకునే మనవడో మనవరాలో ఇంట్లో ఉంటే వాళ్ళ చేత గట్టిగా చదివించండి. మన కళ్ళు మనకు తెలిసిన పేరునే చూస్తాయి, కాగితం మీద ఉన్నది చూడవు. తేడా కనబడితే, మీరు ఉండగానే, మీ సంతకంతోనే దిద్దుబాటుకు పెట్టుకోండి. మీరున్నప్పుడు ఒక దరఖాస్తుతో అయ్యే పని, మీరు లేనప్పుడు తొమ్మిది నెలలు పడుతుంది. ఇది నేను పుస్తకంలో చదివి చెప్పడం లేదు.

నేను మాత్రం ఈ మధ్య ఆదివారాలు మా ఊరి చుట్టుప్రక్కల ఉన్న మన సభ్యుల ఇళ్ళకు వెళ్ళి కాగితాలు సరిచూస్తున్నాను. ఇప్పటికి పద్నాలుగు ఇళ్ళు అయ్యాయి, అయిదు ఇళ్ళలో తేడాలు దొరికాయి. మా మనవరాలు తీరిక ఉన్నప్పుడు నాతో వస్తున్నది. నేను చదువుతాను, తాను వ్రాసుకుంటుంది. వ్రాసిన తరువాత, ‘ఒకసారి చూడండమ్మా, మీ పేరు ఇదేనా?’ అని అడుగుతుంది. నేను ఆ రోజు అడగవలసిన మాట అదే.

మొన్న ఒక సాయంత్రం నా మిత్రుని ఇంటికి వెళ్ళాము. ఆమె చెవులకు కమ్మలు తిరిగి వచ్చాయి. కాఫీ ఇచ్చి, కొత్త పింఛను కాగితం తెచ్చి చూపించింది. పేరు చివర ‘అమ్మ’ ఉన్నది. నేను రెండుసార్లు చదివాను.

సెలవు.